ఇంటి కంప్యూటరును అలారం గడియారంగా అమర్చుకునే విధానం

తలగడ పక్కన ఫోను మోగితే, నిద్ర వదలకముందే చెయ్యి వెళ్లి దాన్ని ఆపేస్తుంది. హాల్లో ఉన్న కంప్యూటరు మోగితే మాత్రం లేచి నడవక తప్పదు. ఉదయం ఆరు గంటల ప్రాంతంలో విజయవాడ నుంచి బయలుదేరే పినాకిని ఎక్స్‌ప్రెస్‌ను అందుకోవలసిన రోజుల్లోనూ, ఇంటర్ చదివే మా అమ్మాయి నాలుగున్నరకే పుస్తకం పట్టవలసిన పరీక్షల రోజుల్లోనూ నేను ఈ పద్ధతినే నమ్ముకున్నాను.

విండోస్‌లోని క్లాక్ యాప్‌లో అలారం ఉంది గాని, కంప్యూటరు మేలుకొని ఉంటేనే అది మోగుతుంది. మనల్ని లేపాలంటే ముందు యంత్రం తానే లేవాలి. అందుకు, చెప్పిన సమయానికి చెప్పిన పనిని తనంతట తానే మొదలుపెట్టే విండోస్ సాధనమైన టాస్క్ షెడ్యూలర్ కావాలి. స్టార్ట్ మెనూలో ఆ పేరు వెతికి తెరిచి, క్రియేట్ టాస్క్ నొక్కండి. మొదటి పేజీలో ‘రన్ ఓన్లీ వెన్ యూజర్ ఈజ్ లాగ్డ్ ఆన్’ అన్నదే ఉంచాలి. దాని కింద ఉన్న రెండోది ఎంచుకుంటే పాట తెరవెనుక మొదలై మనకు వినిపించకపోవచ్చు. ట్రిగ్గర్స్‌లో వీక్లీ ఎంచుకుని, వారంలో ఏయే రోజులు, ఏ సమయం అన్నది గుర్తించండి. యాక్షన్స్‌లో మీరు వాడే వీఎల్‌సీ వంటి ప్లేయరు ఉన్న చోటును, దాని కింది ఆర్గ్యుమెంట్స్ గడిలో పాట ఫైలు ఉన్న చోటును కొటేషన్ గుర్తుల మధ్య ఇవ్వండి.

అసలు జాగ్రత్త అవసరమైనది కండిషన్స్ పేజీ. అక్కడ ‘వేక్ ద కంప్యూటర్ టు రన్ దిస్ టాస్క్’ ఎదుట టిక్ పెట్టాలి. ల్యాప్‌టాప్ అయితే, కరెంటు మీద ఉన్నప్పుడే పని మొదలవ్వాలనే షరతుకు ముందుగానే టిక్ ఉంటుంది. దాన్ని తీసేయకపోతే ఛార్జర్ పెట్టని రాత్రి అలారం మోగదు. తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి, అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో స్లీప్ కింద ‘అలో వేక్ టైమర్స్’ను ఎనేబుల్ చేయండి. ఈ చివరి మెట్టును మరిచిపోయి, మిగిలినదంతా సరిగ్గా చేసినా ఫలితం లేదని విసిగిపోయినవారిని నేను చూశాను.

రాత్రి పడుకునే ముందు కంప్యూటరును షట్‌డౌన్ చేయకుండా స్లీప్‌లో పెట్టాలి. మానిటరు ఆపేసినా ఇబ్బంది లేదు. స్పీకర్లు మాత్రం వైరుతో కలిపినవే మేలు. బ్లూటూత్ స్పీకర్లలో చాలావరకు కొంతసేపు శబ్దం లేకపోతే వాటంతటవే ఆగిపోతాయి. ఇయర్‌ఫోన్లు గుచ్చి మరిచిపోతే పాట వాటిలోనే మోగి ఊరుకుంటుంది.

మన వేసవి కరెంటు కోతల సంగతి విడిగా చెప్పాలి. స్లీప్‌లో ఉన్న డెస్క్‌టాప్‌కు కరెంటు పోతే అది పూర్తిగా ఆగిపోతుంది, అలారమూ దానితోపాటే పోతుంది. ఒక మే నెల రాత్రి ఇలాగే జరిగి, మా ఇంట్లో ప్రయాణం తప్పింది. స్లీప్‌లో యంత్రం వాడే కరెంటు చాలా తక్కువ కనుక, ఇన్వర్టర్ లైనుకు కలిపిన ప్లగ్గుకు మార్చాక మళ్లీ ఆ బాధ రాలేదు.

మొదటి రాత్రే దీని మీద ఆధారపడకండి. పగటిపూట ఐదు నిమిషాల తర్వాతి సమయం పెట్టి, కంప్యూటరును నిద్రపుచ్చి, అది లేచి మోగుతుందో లేదో గమనించండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లు ఈ వేక్ టైమర్లను పట్టించుకోవు. ఆ సంగతి పగలే తెలియడం మంచిది.

ఇక మీ ఇష్టానికి తగ్గట్టు మార్చుకోవడం సులువు. వారంలో ఒక్కొక్క రోజుకు ఒక్కొక్క టాస్క్ పెట్టి, వేర్వేరు పాటలు కేటాయించవచ్చు. ట్రిగ్గరులోని ఎక్స్‌పైర్ గడిలో తేదీ ఇస్తే అలారం ఆ రోజుతో ముగుస్తుంది. ధనుర్మాసం నెలరోజులు మాత్రమే పెందలాడే లేచేవారికి ఇది ఎంతో అనుకూలం. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనితో తెల్లవారిన ఇంట్లో పెరిగినవాణ్ణి కనుక, నేను మొదట ఒక మెల్లని కీర్తన, నాలుగు నిమిషాల తర్వాత రెండో టాస్క్‌గా బిగ్గరగా సాగే నాదస్వరం పెట్టుకున్నాను. చాలా రోజులు రెండోదాని అవసరం రాదు.