మీ ఫొటో వేరేవాళ్ల పేజీలో కనిపిస్తే ఏం చేయాలి?

నాగార్జునసాగర్ 26 గేట్లూ ఎత్తారంటే మా ఫొటోగ్రాఫర్లకు పండుగే. నల్లగొండలో తెల్లారకముందే బండి తీసి, డ్యామ్ దిగువన జనంలో చోటు వెతుక్కుని, లెన్స్ మీద పడే తుంపర తుడుచుకుంటూ ఒక్క ఫ్రేమ్ కోసం గంటలు నిలబడతాం. అలా తీసిన నా ఫొటో ఒకటి రెండు నెలల తర్వాత ఓ ప్లాట్ల వెంచర్ వాళ్ల ఫేస్‌బుక్ ప్రకటనలో కనిపించింది. మూలన ఉన్న నా వాటర్‌మార్క్ వరకు కత్తిరించేసి, గేట్ల నురగ మీద వాళ్ల ఫోన్ నంబరు వేసుకున్నారు.

నాకు కోపం ఆగలేదు. వెంటనే "ఎవర్ని అడిగి పెట్టారు?" అని కామెంట్ పెట్టాను. పది నిమిషాల్లో పోస్టు మాయం, నేను బ్లాక్. ఫోన్ చేస్తే "ఏ ఫొటో అన్నా? మేమేం పెట్టలే" అన్నారు. నా దగ్గర స్క్రీన్‌షాట్ లేదు, లింక్ లేదు, ఏ తేదీన పెట్టారో కూడా తెలియదు. ఆ రోజు నేను తప్పు వరుసలో చేసిన పనుల్ని సరైన వరుసలో పెడితే ఇలా ఉంటుంది.

1. ఆ ఫొటో చట్టం ప్రకారం మీదేనా, చూసుకోండి

ఇది చాలామంది దాటేసే మెట్టు. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటోకు కర్త దాన్ని తీసిన మనిషి. హక్కు రావడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఫొటో తీయగానే వస్తుంది. కర్త బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది.

అయితే అదే చట్టంలో 17వ సెక్షన్ మన స్టూడియోవాళ్లకు కొంచెం చేదుగా ఉంటుంది. ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు ఆ డబ్బిచ్చిన మనిషే. అంటే మిర్యాలగూడలో మీరు తీసిన పెళ్లి ఫొటోను ఫంక్షన్ హాల్ వాళ్లు తమ పేజీలో పెట్టుకుంటే, అడిగే హక్కు ముందు పెళ్లివారిది. ఆల్బమ్ డిజైన్ కోసం రాత్రుళ్లు కూర్చున్నది మీరే కావచ్చు, చట్టం ఆ లెక్క చూడదు. జీతానికి పనిచేసే ఫొటోగ్రాఫర్ ఉద్యోగంలో భాగంగా తీసిన ఫొటోకు సాధారణంగా యజమానే హక్కుదారు.

మీ అంతట మీరు వెళ్లి తీసిన సాగర్ గేట్లు, పిల్లలమర్రి, దేవరకొండ కోట, సోమశిల తీరం, కురుమూర్తి జాతర ఫొటోలు మీవే. ఇక్కడ ఒక్క మాట. హక్కు మీ ఫ్రేమ్ మీద, ఆ గుడి మీదో గేట్ల మీదో కాదు. మీరు నిలబడ్డ చోటే నిలబడి, అదే కోణంలో ఇంకొకరు సొంతంగా తీసుకుంటే దాన్ని దొంగతనం అనలేం. గొడవకు దిగే ముందు రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి, నీటి తుంపర ఆకారం, మేఘాలు, మూలన నిలబడ్డ మనిషి ఒకటేనా అని చూడండి. నా స్నేహితుడొకరు ఇది చూడకుండానే పాలమూరులో ఇంకో ఫొటోగ్రాఫర్‌తో ఆరు నెలలు మాట్లాడలేదు.

2. ఎవరికీ తెలియకముందే ఆధారం దాచుకోండి

కామెంట్ వద్దు, మెసేజ్ వద్దు, మీ స్టేటస్‌లో "దొంగలు" అని పెట్టడం అసలే వద్దు. ముందు ఇవన్నీ చేసుకోండి.

పేజీ పేరు, తేదీ, లైకులు, పూర్తి లింక్ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. ఫోన్‌లో కంటే కంప్యూటర్‌లో తీయడం మేలు, పైన అడ్రస్ బార్ కూడా పడుతుంది. లింక్‌ను కాపీ చేసి వేరేగా దాచుకోండి. స్క్రీన్‌షాట్‌లో కనిపించే లింక్‌ను చూసి మళ్లీ టైప్ చేయాలంటే నరకం. అది రీల్ అయితే స్క్రీన్ రికార్డింగ్ చేయండి. మామూలు వెబ్‌సైట్ అయితే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీని సేవ్ చేయించండి, తేదీతో సహా బయటివాళ్ల దగ్గర ఒక కాపీ ఉంటుంది. ఫ్లెక్సీ మీదో బ్రోచర్ మీదో వేస్తే ఫ్లెక్సీని చుట్టుపక్కల షాపులు కనిపించేలా ఫొటో తీయండి, బ్రోచర్ ఒకటి తెచ్చుకోండి.

తర్వాత మీ వైపు ఆధారం. అన్నిటికంటే గట్టిది రా (RAW) ఫైలు, అంటే కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచే అసలు ఫైలు. దాన్ని ఎదుటివాళ్లు ఎక్కడి నుంచీ తేలేరు. దానికి ముందూ వెనకా తీసిన ఫ్రేములు కూడా ఉంటే ఇంకా మంచిది. ఒకే చోట పదిహేను షాట్లు కొట్టిన మనిషి అక్కడ ఉన్నట్టే కదా. ఆల్బమ్ ఇచ్చేశాం కదా అని కార్డు ఫార్మాట్ చేసే అలవాటు ఉంటే ఈరోజే మానండి. రా తీయని వాళ్లు కెమెరా నుంచి దించిన అసలు జేపెగ్‌ను ఎడిట్ చేయకుండా దాచుకోండి. తేదీ, కెమెరా మోడల్ లాంటి వివరాలు అందులో ఉంటాయి.

విషయం కోర్టు దాకా పోతే ఇంకొకటి కావాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ప్రకారం స్క్రీన్‌షాట్ లాంటి ఎలక్ట్రానిక్ ఆధారంతో పాటు సర్టిఫికెట్ పెట్టాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ కూడా రాస్తారు. ఫైలుకు అది వేలిముద్ర లాంటిది, ఫైలులో ఒక్క చుక్క మారినా మారిపోతుంది. ఆ సర్టిఫికెట్ సంగతి వకీలు చూసుకుంటారు. మీరు చేయాల్సిందల్లా ఆ ఫైళ్లను మళ్లీ తెరిచి క్రాప్ చేయకుండా, ఆ ఫోనో కంప్యూటరో అమ్మేయకుండా ఉండడం.

3. ఇంకెక్కడెక్కడ ఉందో వెతకండి

గూగుల్ లెన్స్‌లో ఫొటో వేసి చూడండి. తర్వాత టిన్ఐ (TinEye), యాండెక్స్ లాంటి ఫొటో వెతికే సైట్లలో వేయండి. ఒకదాంట్లో దొరకనిది ఇంకోదాంట్లో దొరుకుతుంది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో తీసిన నా ఫొటోను ఇలా వెతికితే ఒకటి అనుకున్న చోట ఐదు పేజీలు బయటపడ్డాయి. అందులో రెండింట్లో "ఫొటో సౌజన్యం: గూగుల్" అని రాసి ఉంది. గూగుల్ పానగల్లు ఎప్పుడొచ్చిందో, ఏ కెమెరా తెచ్చుకుందో!

అలా రాసినంత మాత్రాన ఎవరికీ హక్కు రాదు. మీరు ఫేస్‌బుక్‌లో అందరికీ కనిపించేలా పెట్టడం కూడా ఊళ్లో వాళ్లందరికీ అనుమతి ఇచ్చినట్టు కాదు. షేర్ బటన్ నొక్కితే అది మీ పేరుతోనే వెళ్తుంది, దానికి బాధపడక్కర్లేదు. డౌన్‌లోడ్ చేసుకుని తమ పేజీలో ఎక్కించుకోవడం వేరే సంగతి.

దొరికినవన్నీ ఒక కాగితం మీద రాసి, పక్కన ఎవరు, ఎందుకు వాడారు అని రాయండి. బతుకమ్మ రోజు శుభాకాంక్షలకు మీ ఫొటో పెట్టుకున్న పిల్లాడి మీద నోటీసు పంపితే ఊళ్లో మీ పేరే పాడవుతుంది, పేరు వేయమంటే సరిపోతుంది. దాంతో సరుకు అమ్ముకునేవాళ్లు వేరు. వార్తా చానళ్లు మధ్యలో ఉంటాయి. వర్తమాన విషయాల రిపోర్టింగ్‌కు, విమర్శకు, సొంత అవసరానికి న్యాయబద్ధంగా వాడుకోవడానికి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ కొంత చోటు ఇస్తుంది. సాగర్ గేట్ల వార్తకు వాడితే వాళ్లు అదే అంటారు. అదే ఫొటోను సంవత్సరం పొడుగునా తమ పేజీ కవర్‌గా పెట్టుకుంటే ఆ మాట చెల్లదని నా అభిప్రాయం.

4. మర్యాదగా, రాతలో అడగండి

ఫోన్ కంటే మెసేజ్ మంచిది, మెసేజ్ కంటే మెయిల్ మంచిది. నేను పంపేది దాదాపు ఇలా ఉంటుంది:

"నమస్తే సర్. నేను నల్లగొండలో ఫొటోగ్రాఫర్‌ని. మీ పేజీలో ఫలానా తేదీన పెట్టిన పోస్టులోని ఛాయా సోమేశ్వరాలయం ఫొటో నేను తీసింది. లింక్ కింద ఇస్తున్నాను. అసలు ఫైలు నా దగ్గర ఉంది. దీన్ని వాడుకోవడానికి నేను అనుమతి ఇవ్వలేదు. దయచేసి శనివారం సాయంత్రంలోగా తీసేయండి. వాడుకోవాలనుకుంటే నా రేటు చెప్తాను, బిల్లు ఇచ్చి రాతలో అనుమతి ఇస్తాను."

చాలావరకు కథ ఇక్కడే ముగుస్తుంది. పేజీ నడిపేది ఎవరో డిజైనర్ అయి ఉంటాడు, యజమానికి ఆ ఫొటో ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలియదు. ఆ ఐదు పేజీల్లో మూడు మర్నాటికే తీసేశాయి, ఒకాయన సారీ చెప్పి బిల్లు కట్టారు.

ఈ మెసేజ్‌కు ఇంకో ఉపయోగం ఉంది. ఆ ఫొటోకు కాపీరైట్ ఉందని తెలియదని, తెలుసుకునే కారణం కూడా లేదని ఎదుటివాళ్లు నిరూపించుకుంటే కోర్టు ఇప్పించే పరిహారం తగ్గుతుంది. మీ మెసేజ్ చేరిన తర్వాత ఆ మాట అనలేరు.

డబ్బు అడిగేటప్పుడు మాట జాగ్రత్త. మామూలుగా ఆ పనికి మీరు తీసుకునే రేటు అడగండి. "రెండు లక్షలు ఇవ్వకపోతే పోలీసు కేసు" అని రాశారంటే ఆ స్క్రీన్‌షాట్ రేపు మీ మీదే వాడతారు. ఆధారం లేకుండా కాపీరైట్ పేరుతో బెదిరిస్తే, అవతలివాళ్లు మీ మీద దావా వేసుకునే వీలు 60వ సెక్షన్‌లో ఉంది.

5. వినకపోతే ప్లాట్‌ఫాంకు ఫిర్యాదు

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ మూడింట్లోనూ కాపీరైట్ ఫిర్యాదుకు ప్రత్యేకంగా ఫారం ఉంటుంది. పోస్టు పక్కన మూడు చుక్కలు నొక్కి "స్పామ్" అని రిపోర్టు కొడితే ఎవరూ పట్టించుకోరు. హెల్ప్ సెంటర్‌లో కాపీరైట్ అని వెతికి ఆ ఫారమే నింపండి. మీ అసలు ఫొటో లింక్, వాళ్ల పోస్టు లింక్, మీరే హక్కుదారు అన్న ప్రకటన ఇవ్వాలి. మీ పేరు, మెయిల్ ఎదుటివాళ్లకు చేరవచ్చు, కాబట్టి స్టూడియో మెయిల్ వాడండి, ఇంటి నంబరు ఇవ్వకండి.

యూట్యూబ్‌లో మూడు స్ట్రైకులు (కాపీరైట్ హెచ్చరికలు) పడితే చానల్ పోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి చానల్ వాళ్లు వెంటనే దారికొస్తారు. వాళ్లు ఎదురు నోటీసు ఇస్తే మాత్రం, 10 పనిదినాల్లో మీరు కోర్టుకు వెళ్లినట్టు చూపించాలి. లేకపోతే వీడియో మళ్లీ వస్తుంది.

సొంత వెబ్‌సైట్ అయితే, వెబ్‌సైట్ల వివరాలు చూపించే హూఈజ్ (WHOIS) అనే సేవలో వెతికి, దాన్ని హోస్ట్ చేస్తున్న కంపెనీ ఎవరో చూసి వాళ్లకు రాయండి. ఆ కంపెనీ అమెరికాదైతే అక్కడి 1998 డిజిటల్ కాపీరైట్ చట్టం (డీఎంసీఏ) ప్రకారం నోటీసు ఇస్తారు. మన దగ్గర 2013 కాపీరైట్ నియమాల్లో 75వ నియమం ఉంది. సరైన రాతపూర్వక ఫిర్యాదు అందితే 36 గంటల్లో ఆ ఫొటో కనిపించకుండా చేయాలి. కానీ ఆ ఫిర్యాదులో మీరు దావా వేసి 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తెస్తానని హామీ రాయాలి. కోర్టుకు వెళ్లే ఉద్దేశం లేకుండా అలా రాయకండి.

6. వకీలు, పోలీసు, కోర్టు

వాటర్‌మార్క్ చెరిపి, పెద్ద ప్రకటనకు వాడుకుని, అడిగితే బెదిరించేవాళ్ల కోసమే ఈ మెట్టు. ముందు వకీలు నోటీసు. దావా వేయాలంటే జిల్లా కోర్టు స్థాయికి తగ్గకూడదు. ఎదుటివాళ్లు హైదరాబాద్‌లో ఉన్నా ముంబైలో ఉన్నా, మీరు ఉండే జిల్లాలో వేసుకునే వీలు 62వ సెక్షన్ ఇస్తుంది. గడువు మూడేళ్లు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా వకీలు సాయం దొరుకుతుంది.

తెలిసీ ఉల్లంఘిస్తే అది నేరం కూడా. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. దీంట్లో పోలీసులు నేరుగా కేసు నమోదు చేయవచ్చని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా స్టేషన్‌కు ఫోన్‌లో స్క్రీన్‌షాట్ పట్టుకుని పోతే "ఫొటోకు కేసేంది?" అనే అడుగుతారు. పైన చెప్పినవన్నీ ప్రింట్ తీసి, వరుసగా పిన్ను కొట్టి తీసుకెళ్లండి.

ఒక ఫొటో మీకు బాగా డబ్బు తెచ్చేదైతే కాపీరైట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేయించుకోండి. ఫీజు 500 రూపాయలు. దరఖాస్తు చేశాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు, ఆ తర్వాత పరిశీలన. తప్పనిసరి కాదు గానీ కోర్టులో ఆ సర్టిఫికెట్ ప్రాథమిక సాక్ష్యంగా నిలుస్తుంది.

ఇక మీ దగ్గర మార్చుకోవాల్సినవి

నెట్‌లో పెద్ద సైజు ఫైలు పెట్టకండి. వాటర్‌మార్క్‌ను మూలన కాకుండా, కత్తిరిస్తే ఫొటోయే పాడయ్యే చోట వేయండి. అందంగా ఉండదు, నిజమే. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫైలు వివరాల్లో మీ పేరు, కాపీరైట్ అని నింపండి. మామూలుగా వాట్సాప్‌లో పంపితే ఆ వివరాలు ఎగిరిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే నిలుస్తాయి. కస్టమర్లకు అసలు ఫైళ్లు పంపేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

పెళ్లి ఆర్డర్ల కోసం మా స్టూడియో బుకింగ్ ఫారంలో అడ్వాన్స్ రసీదు కిందే ఇప్పుడు మూడు లైన్లు వేయించాం. దాని కింద కస్టమర్ సంతకం కూడా తీసుకుంటున్నాం:

"ఈ ఫొటోల కాపీరైట్ స్టూడియోదే. కుటుంబ సభ్యులు సొంత అవసరాలకు ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు, ప్రింట్ తీయించుకోవచ్చు. ఇతరుల వ్యాపార ప్రచారానికి ఇవ్వాలంటే స్టూడియో రాతపూర్వక అనుమతి, స్టూడియో తన పేజీలో పెట్టుకోవాలంటే కుటుంబం రాతపూర్వక అనుమతి ఉండాలి."