బూట్ కాని ల్యాప్‌టాప్ – 4వ పాఠం: డిఫాల్ట్స్ తెచ్చిన తంటా

గత పాఠంలో బయోస్ సెటప్ (ఆన్ కాగానే నడిచే ఫర్మ్‌వేర్ సెట్టింగుల తెర) గురించి చెబుతూ, "లోడ్ డిఫాల్ట్స్ (సెట్టింగులన్నీ ఫ్యాక్టరీ స్థితికి తెచ్చే ఎంపిక) నొక్కి సేవ్ చేయండి" అని ఒక్క వాక్యంలో రాసి ముందుకు సాగిపోయాను. తప్పు నాదే. అంతవరకు లోగో దగ్గర ఆగిపోతూ వచ్చిన యంత్రం, ఆ మాట పాటించిన కొందరికి "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అనే నీలి తెరను, మరికొందరికి "నో బూటబుల్ డివైస్" అనే నల్లని తెరను చూపిస్తోంది. అందుకే బయోస్ అప్‌డేట్ పాఠాన్ని వాయిదా వేస్తున్నాను.

సెటప్‌లోకి వెళ్లే పద్ధతి మీకు తెలిసిందే. అక్కడ ఏ పేజీలోనూ డిస్క్ పేరు కనిపించకపోతే డిస్క్‌నో దాని కనెక్షన్‌నో అనుమానించాలి. అది వేరే పాఠం.

నీలి తెర సంగతి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది చూడగానే విండోస్ పాడైందని ఫార్మాట్‌కు పూనుకునేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మొదటి ఫైళ్లను ఫర్మ్‌వేర్ తన సొంత డ్రైవర్‌తో చదివి మెమరీలోకి ఎక్కిస్తుంది. విండోస్ మొదలైనట్టు కనబడేది అందుకే. ఆపై విండోస్ తన డ్రైవర్‌తో అదే డిస్క్‌ను అందుకోవాలి. ఏహెచ్‌సీఐ (డిస్క్‌తో మాట్లాడే మామూలు పద్ధతి) మోడ్‌లో ఇన్‌స్టాల్ చేసిన విండోస్‌కు, డిఫాల్ట్స్ వల్ల మోడ్ రెయిడ్‌గానో (పలు డిస్కులను ఒకటిగా కట్టే పద్ధతి) వీఎండీగానో (ఇంటెల్ స్టోరేజ్ పద్ధతి) మారినప్పుడు, ఆ మోడ్ డ్రైవర్ బూట్ సమయంలో సిద్ధంగా ఉండకపోతే తానున్న డిస్క్ తనకే కనిపించదు. ఫైళ్లన్నీ పదిలంగానే ఉంటాయి. స్టోరేజ్ పేజీలో పాత మోడ్‌ను తిరిగి పెడితే చాలు. పాత మోడ్ గుర్తులేకపోతే, నేనైతే మొదట ఏహెచ్‌సీఐ పెట్టి చూస్తాను. ఒకే డిస్క్ ఉన్నప్పుడు మోడ్ మార్చినంతమాత్రాన డేటా చెరిగిపోదు. రెండు డిస్కులను రెయిడ్‌గా కట్టినవారు, ఆప్టేన్ (డిస్క్ వేగం పెంచే ఇంటెల్ మెమరీ) వాడుతున్నవారు మాత్రం ఈ ప్రయోగం చేయకూడదు. మధ్యలో ఆటోమేటిక్ రిపేర్ వచ్చి "రీసెట్ దిస్ పీసీ" అని ఊరించినా ఒప్పుకోవద్దు.

నల్లని తెర వచ్చినవారిలో చాలామందిది పాత విండోస్ అయి ఉంటుంది. లెగసీ (పాత తరహా బూట్) పద్ధతిలో, ఎంబీఆర్ అనే పాత తరహా విభజన ఉన్న డిస్క్‌పై ఇన్‌స్టాల్ అయిన విండోస్‌కు ఈఎఫ్ఐ పార్టిషన్ (కొత్త తరహా బూట్ ఫైళ్లుండే భాగం) ఉండదు కనుక, యూఈఎఫ్ఐ అనే కొత్త తరహా బూట్‌కు మారిన ఫర్మ్‌వేర్‌కు బూట్ చేయడానికి ఏమీ దొరకదు. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న బూట్ ఫైళ్లనే అనుమతించే రక్షణ) ఆపి, సీఎస్ఎమ్ (పాత తరహా బూట్‌ను అనుమతించే సెట్టింగు) లేదా లెగసీని తిరిగి ఆన్ చేయాలి.

బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే సదుపాయం) 48 అంకెల రికవరీ కీ అడిగితే కంగారు పడనక్కర్లేదు; ఫర్మ్‌వేర్ సెట్టింగులు మారాయని టీపీఎమ్ (తాళాలు భద్రపరిచే చిప్) పసిగట్టిందంతే. సాధారణంగా ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది.

ఏదీ నొక్కకుండానే సెట్టింగులు మాటిమాటికీ డిఫాల్ట్స్‌కు పోతూ, గడియారం కూడా వెనక్కి వెళ్తుంటే, కొన్ని మోడళ్లలో ఉండే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ అయిపోయిందని అర్థం.

అభ్యాసం: ఈసారి ఓపిక కావాలి. బాగా పనిచేస్తున్న ల్యాప్‌టాప్‌లో సెటప్‌లోని ప్రతి పేజీని ఫోన్‌తో ఫొటో తీయండి. తరువాత లోడ్ డిఫాల్ట్స్ నొక్కి, సేవ్ చేయకుండా, మళ్లీ ప్రతి పేజీని ఫొటోలతో పోల్చి, మారిన ప్రతి సెట్టింగును నోట్‌బుక్‌లో రాసుకోండి. బయటికి వచ్చేటప్పుడు "డిస్కార్డ్ ఛేంజెస్" ఎంచుకోవాలి. చాలా మోడళ్లలో ఎఫ్10 అంటే సేవ్, కాబట్టి చెయ్యి అటు పోనివ్వకండి.