టన్నెల్ తెరిచే ముందు ఇవి చూసుకోండి

2025 మార్చిలో, వెబ్ యాప్ రాసేటప్పుడు సొంత మెషీన్‌లో నడిపే వీట్ డెవ్ సర్వర్‌లో ఒక లోపం బయటపడింది. అడ్రస్ చివర ?raw?? అని తగిలిస్తే చాలు, ఇవ్వకూడని ఫైళ్లు కూడా తీసి ఇచ్చేసేది. హోస్ట్ ఆప్షన్‌తో సర్వర్‌ని నెట్‌వర్క్‌కి తెరిచినవాళ్లకే ప్రమాదమని హెచ్చరికలో రాశారు. "నేనది వాడలేదుగా" అనుకునే ముందు పక్క టెర్మినల్‌లో టన్నెల్, అంటే మీ మెషీన్‌లోని సర్వర్‌ని ఇంటర్నెట్‌కి కలిపే దారి, తెరిచే ఎన్‌గ్రాక్ గానీ క్లౌడ్‌ఫ్లేర్‌డీ గానీ నడుస్తోందేమో చూడండి. నడుస్తుంటే మీరూ తెరిచినట్టే.

లోకల్‌హోస్ట్ అంటే మనవాళ్లే అనుకోవడం

అందరినీ ముంచేది ఈ ఒక్క తప్పే. టన్నెల్ ఏజెంట్ (ఎన్‌గ్రాక్ లాంటి ఆ ప్రోగ్రామ్) నడిచేది మీ మెషీన్‌లోనే. బయటి రిక్వెస్ట్ అందుకుని, యాప్‌కి తనే 127.0.0.1 (లోకల్‌హోస్ట్, అంటే ఇదే మెషీన్) మీద కనెక్ట్ అవుతుంది. కాబట్టి ఎక్కడి నుంచి వచ్చినా యాప్ కంటికి అది లోకల్‌హోస్టే. ఫైర్‌వాల్ ఆపదు, ఎందుకంటే ఏజెంట్ పెట్టుకున్న కనెక్షన్ లోపలి నుంచి బయటికి వెళ్లింది. అసలు ఐపీ ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్‌లో ఉంటుంది గానీ, సాకెట్ అడ్రస్ ఒక్కటే చూసే కోడ్‌కి అది పట్టదు. "లోకల్ నుంచైతే లాగిన్ వద్దు" అన్న షరతు కోడ్‌లో ఎక్కడున్నా, ఆ తలుపు ఊరందరికీ తెరిచినట్టే. యాప్ లోపలి స్థితి చూపించే స్ప్రింగ్ ఆక్చుయేటర్‌ని "మన మెషీనేగా" అని మొత్తం తెరిచిపెట్టారా? హీప్‌డంప్ (యాప్ మెమరీ కాపీ) ఒక్కటి దించుకుంటే మెమరీలోని పాస్‌వర్డ్‌లూ వెళ్లిపోతాయి.

హోస్ట్ చెక్‌ని తీసేయడం

రిక్వెస్ట్ ఏ పేరుతో (హోస్ట్) వచ్చిందో సర్వర్ చూసుకుంటుంది. అందుకే టన్నెల్ అడ్రస్‌తో తెరవగానే పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగో 400 ఎర్రర్ ఇస్తుంది, వీట్ ఈ హోస్ట్‌కి అనుమతి లేదంటుంది. చిరాకేసినా, ఆ పూటకి మిగిలిన ఆఖరి కాపలా అదే. అనుమతించే హోస్ట్‌ల జాబితాలో నక్షత్రం గుర్తు పెట్టకండి, మీ టన్నెల్ డొమైన్ ఒక్కటే రాయండి. ఎన్‌గ్రాక్‌లో హోస్ట్ హెడర్‌ని రీరైట్ చేసే ఆప్షన్ ఇంకా ప్రమాదం: ఐపీతో పాటు పేరు కూడా లోకల్‌హోస్ట్ అయిపోతుంది. మళ్లీ అదే తప్పు, ఈసారి మన చేతులతోనే.

కాన్ఫిగ్ ఫైల్

ఏ పేరుకొచ్చిన రిక్వెస్ట్ ఎటు పోవాలో చెప్పే క్లౌడ్‌ఫ్లేర్‌డీ ఇన్‌గ్రెస్ నియమాల్లో చివరిది, ఏ పేరుకీ సరిపోని రిక్వెస్ట్‌ల కోసం, తప్పనిసరి. అక్కడ మీ యాప్ పోర్ట్ కాదు, 404 స్టేటస్ పెట్టండి. ఇన్‌గ్రెస్ వాలిడేట్ కమాండ్ నడిపాకే టన్నెల్ లేపండి. ఎన్‌గ్రాక్‌కైతే కాన్ఫిగ్ చెక్ ఉంది.

ఆథ్ టోకెన్‌ని (మీ టన్నెల్ ఖాతా తాళంచెవి) కమాండ్‌లో టైప్ చేయకండి, షెల్ హిస్టరీలో ఉండిపోతుంది. కాన్ఫిగ్ ఫైల్ పర్మిషన్ 600, అంటే మీరొక్కరే చదవగలిగేలా, రాయగలిగేలా. గిట్‌లోకి పోయిందా, కమిట్ చెరిపితే చాలదు, టోకెనే మార్చండి.

ఇక మిగిలినవి:

- బేసిక్ ఆథ్ (పేరు, పాస్‌వర్డ్ అడిగే తాళం) పెట్టండి. ఎన్‌గ్రాక్ కనీసం 8 అక్షరాల పాస్‌వర్డ్ అడుగుతుంది, మీరు 20 పెట్టండి.
- ఎన్‌గ్రాక్ ఉచిత ఖాతాలో ముందొచ్చే హెచ్చరిక పేజీ తాళం కాదు. ఒక్క హెడర్ పంపితే తప్పుకుంటుంది.
- అడ్రస్ ఎవరికీ తెలియదన్నది కూడా తాళం కాదు.
- వెబ్‌హుక్ (ఏదైనా జరగ్గానే వేరే సర్వీస్ మీ యాప్‌కి పంపే రిక్వెస్ట్) పంపేవాళ్లు చాలామంది బేసిక్ ఆథ్ ఇవ్వలేరు. ఆ ఒక్క పాత్‌నే మినహాయించి, అక్కడ సిగ్నేచర్ సరిచూడండి. ఐపీ చూసి నమ్మకండి, అన్నీ 127.0.0.1 నుంచే వస్తాయని చెప్పుకున్నాం.
- 4040 పోర్ట్‌లోని ఎన్‌గ్రాక్ ఇన్‌స్పెక్టర్‌లో హెడర్లు, టోకెన్లు అన్నీ కనబడతాయి. డెమోలో స్క్రీన్ షేర్ చేసేటప్పుడు ఆ ట్యాబ్ మూసేయండి.
- డీబగ్ మోడ్ ఆపండి. డెవ్ సర్వర్ కాదు, బిల్డ్ చేసిన ఫైళ్లే చూపండి.
- 5432, 6379 పోర్ట్‌లకి (పోస్ట్‌గ్రెస్, రెడిస్ డేటాబేస్‌లవి) టీసీపీ టన్నెల్ వద్దు. ఐదు నిమిషాలకైనా వద్దు.
- ప్రొడక్షన్ కీలున్న ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌తో టన్నెల్ తెరవకండి.
- ఎన్‌గ్రాక్‌లో అన్ని టన్నెల్స్‌నీ లేపే స్టార్ట్ ఆల్ కొట్టకండి. కావలసిన టన్నెల్ పేరు రాయండి.
- లోకల్‌హోస్ట్‌ని నమ్మే లైన్ కోడ్‌లో ఉందేమో వెతికారా? వెతకండి.
- పని కాగానే ఏజెంట్‌ని ఆపి, మొబైల్ డేటా మీద అదే అడ్రస్ తెరవండి. ఇంకా పేజీ వస్తోందంటే సర్వీస్‌గా ఇన్‌స్టాల్ చేసిన ఇంకో ఏజెంట్ ఎక్కడో నడుస్తోంది. దాన్నీ ఆపండి.