పొయ్యి గొంతు నొక్కకండి: చలిదేశానికి కొత్తగా వెళ్లిన మనవాళ్లకు

ఈ భోగికి నరసన్నపేట దగ్గర మా ఊళ్లో ఉన్నాను. తెల్లవారుజామున ఐదు గంటలకు పిల్లలు పిడకల దండలు మంటలో వేస్తుంటే ఫోను మోగింది. అమెరికాలోని వెర్మాంట్‌లో మొదటి శీతాకాలం గడుపుతున్న మేనల్లుడు. అక్కడ ఇంకా ముందు రోజు సాయంత్రం ఆరున్నర.

"మామయ్యా, రాత్రి పదింటికి పొయ్యి నిండా కట్టెలు పెట్టి, గాలి పూర్తిగా మూసేసి పడుకుంటున్నాను. రెండు గంటలకల్లా ఇల్లు చల్లబడిపోతోంది. తలుపు గాజు మసిబొగ్గులా తయారైంది. పొయ్యిలోనే ఏదో లోపం ఉంది."

పొయ్యిలో ఏ లోపమూ లేదు. అదే రాష్ట్రంలో పదకొండు శీతాకాలాలు గడిపినవాణ్ణి. మొదటి రెండూ నేనూ ఇలాగే తగలేశాను. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లి అక్కడ పాత ఇళ్లలో దిగేవాళ్లు ఏటా ఎవరో ఒకరు ఇదే ప్రశ్న అడుగుతారు కాబట్టి, వాడికి చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ వస్తువు ఏమిటో చెప్పాలి. పాత ఇళ్లలో గోడలో ఇటుకలతో కట్టిన మంటగూడు ఉంటుంది. చూడటానికి అందమే గాని, వేడిలో ఎక్కువ భాగం పొగగొట్టం దారినే పోతుంది. అందుకే ఆ గూట్లో ఒక ఇనుప పెట్టె అమరుస్తారు. దాన్నే ఇన్సర్ట్ అంటారు. ముందు గాజు తలుపు, గాలిని తగ్గించే మీట, లోపల పైభాగాన చిల్లులున్న సన్నని గొట్టాలు. పెట్టె నుంచి పొగగొట్టం చివరి దాకా స్టీలు గొట్టం ఉంటుంది. అద్దె ఇల్లయితే, పొయ్యి వాడుకోవచ్చో లేదో ఇంటి యజమానిని మొదటి రోజే అడగండి.

గాలి మూసేయడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. మా నాయనమ్మ రాత్రి నిప్పుల మీద బూడిద కప్పి, తెల్లవారి ఊది మళ్లీ రాజేసేది. అది అగ్గిపుల్ల పొదుపు చేసే ఉపాయం, ఇల్లు వెచ్చగా ఉంచే ఉపాయం కాదు. కట్టె వేడెక్కితే అందులోంచి వాయువులు వస్తాయి. కట్టె ఇవ్వగల వేడిలో సగానికి పైగా వాటిలోనే ఉంటుంది. అవి అంటుకోవాలంటే పెట్టె లోపల సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. పైనున్న గొట్టాల్లోంచి వేడిగాలి వచ్చేది ఆ వాయువులను కాల్చడానికే. మంట సరిగా ఎక్కకముందే గాలి నొక్కేస్తే వాయువులు కాలకుండా పైకి పోయి, చల్లటి గొట్టం గోడకు తారులా అంటుకుంటాయి. దాని పేరు క్రియోసోట్. అది పేరుకుపోయి ఒకరోజు గొట్టంలోనే అంటుకుంటే ఇల్లే తగలబడవచ్చు. గాజు నల్లబడటం దానికి ముందు వచ్చే కబురు.

అయితే అసలు దొంగ చాలాసార్లు గాలి కాదు, తడి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో జీడిమామిడి, కొబ్బరి, పనస చెట్లు నేలకూలాయి. కట్టెలకు కొదవ లేదని సంబరపడి ఆ పచ్చికట్టెనే పొయ్యిలో పెట్టినవాళ్లను అడగండి. ఇంటినిండా పొగ, కళ్లనిండా నీళ్లు, అన్నం మాత్రం ఉడకదు. అప్పుడే కొట్టిన చెట్టు బరువులో దాదాపు సగం నీరే ఉండవచ్చు. మంట ముందు ఆ నీటిని మరిగించాలి, మీ సంగతి ఆ తర్వాతే.

అక్కడ కట్టెలు అమ్మేవాళ్లందరూ "బాగా ఎండినవి" అనే అంటారు. నాకు మొదటి ఏడు ఒకాయన అలాగే చెప్పి ఒక కార్డ్ దింపి వెళ్లాడు. కార్డ్ అంటే నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల పొడవు పేర్చిన కట్టెలు, మొత్తం 128 ఘనపుటడుగులు. పొయ్యిలో పెడితే కట్టె చివర్ల నుంచి నురగ వచ్చింది. ఆ మర్నాడే తేమ కొలిచే చిన్న మీటరు కొన్నాను. పొయ్యి కోసం కొన్నవాటిలో దానంత పనికొచ్చింది ఇంకొకటి లేదు. కట్టె పైన గుచ్చి చూస్తే లాభం లేదు. ఇంట్లోకి తెచ్చి, మధ్యకు చీల్చి, కొత్తగా తెరుచుకున్న ముఖం మీద గుచ్చాలి. 20 శాతం లోపు ఉంటే పెట్టుకోండి. యాష్, మేపుల్ లాంటి చెట్ల కట్టెలు చీల్చి, పైన మాత్రమే కప్పి, గాలి ఆడేలా పేరిస్తే ఏడాదిలో దారికి వస్తాయి. ఓక్‌కు రెండేళ్లు పడుతుంది. కాబట్టి వచ్చే చలికి కట్టెలు ఈ వసంతంలోనే కొనాలి.

మరి ఈ చలికి? మన ఊళ్లలో టీ దుకాణాల రంపపుపొట్టు పొయ్యి గుర్తుందా? నడుమ సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు గట్టిగా దట్టించి, సీసా లాగేస్తే ఆ కన్నం వెంట గంటల తరబడి కాలుతుంది. గాలి దూరే సందు తక్కువ కాబట్టే అంతసేపు నిలుస్తుంది. అదే పొట్టును అదిమి చేసిన ఇటుకలు అక్కడ దుకాణాల్లో దొరుకుతాయి. చెమ్మ కట్టెలతో రెండో మూడో కలిపి కాల్చమన్నాను. పెట్టె నిండా అవే పేర్చకండి, వేడి అదుపు తప్పుతుంది.

రాత్రికి పేర్చే పద్ధతి కూడా ఆ పొట్టు పొయ్యి నేర్పేదే. నిప్పులను తలుపు వైపు ముందుకు లాగాలి. వెనక ఐదారు అంగుళాల లావు కట్టెలను సందు లేకుండా పేర్చాలి. పైగొట్టాలకు మాత్రం తగలకూడదు. సన్నపుల్లలు నింపితే భోగిమంటలా ఎగసి గంటలో ఆరిపోతుంది. ఇక మీట పూర్తిగా తెరిచి ఉంచి, కట్టెల అంచులన్నీ నల్లబడే దాకా, పావుగంటో ఇరవై నిమిషాలో, అక్కడే కూర్చోవాలి. ఆ తర్వాత కొద్దిగా తగ్గించి, ఐదారు నిమిషాలు చూసి, మళ్లీ కొద్దిగా తగ్గించాలి. ఒక దశలో మంట కట్టెను వదిలి, పైగొట్టాల కింద గ్యాసుపొయ్యి మంటలా తేలుతూ, తొందర లేకుండా ఆడుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను నిద్ర మానేసి అరగంట దాన్నే చూస్తూ కూర్చున్నాను. మీట అక్కడే వదిలేయండి. మంట మసకబారితే వెనక్కి కాస్త తెరవండి. అనుమానముంటే బయటికి వెళ్లి పొగగొట్టం చూడండి. పొగ కనిపించకూడదు.

ఇన్ని చేసినా వేడి నిలవకపోతే, గాలి దూరకుండా తలుపు అంచు చుట్టూ అమర్చిన తాడు చూడండి. ఒక నోటు అడ్డం పెట్టి తలుపు మూసి లాగితే సులువుగా జారి రాకూడదు. పది రూపాయల నోటైనా ఫరవాలేదు. వేడిని గదిలోకి తోసే ఫ్యాను ఉంటే, ఇనుప పెట్టె బాగా వేడెక్కాకే దాన్ని వేయాలి, అదీ నెమ్మదిగా. పెట్టె పైన మంటగూట్లో ఖాళీ ఉంటే రేకుతో మూయించండి, లేకపోతే మీరు వేడి చేస్తున్నది గోడ అవతలి మంచును.

మన వంటకు సంబంధించిన చిక్కు ఒకటుంది. చేపల వేపుడు పెట్టి వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను వేశామనుకోండి, అది ఇంట్లో గాలిని లాగేస్తుంది. అప్పుడు పొయ్యి తలుపు తీస్తే పొగ గదిలోకి వస్తుంది. ముందు ఫ్యాను ఆపండి, లేదా కిటికీ కాస్త తెరవండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేని ఇంట్లో పొయ్యి వెలిగించవద్దు. పొగగొట్టం ఏడాదికోసారి, చలికి ముందే శుభ్రం చేయించండి.

సాయంత్రం నాలుగున్నరకు మేనల్లుడి నుంచి ఫొటో వచ్చింది. అక్కడ ఉదయం ఆరు. పెట్టె అడుగున అరచేతి మందాన ఎర్రటి నిప్పులు, గాజు మూలల్లో మాత్రం కాస్త గోధుమ రంగు. వెంటనే ఫోను కూడా చేశాడు.

"బూడిద ఎక్కువైంది మామయ్యా, ఎక్కడ పారేయమంటావు?"

అంగుళం మందం వదిలి మిగతాది తీయమన్నాను, నిప్పులకు ఆ పరుపు కావాలి. తీసినదాన్ని మూత ఉన్న ఇనుప బకెట్టులో పోసి, చెక్క వరండా మీద కాకుండా ఇంటికి దూరంగా నేల మీద పెట్టమన్నాను. అందులో నిప్పు రోజుల తరబడి బతికే ఉంటుంది.