సకురా కోసం జపాన్: తేదీలు పెట్టుకునే లెక్క

సకురా, అంటే జపాన్ చెర్రీ పూలు, చూడాలనుకునేవాళ్లు చాలామంది చవగ్గా దొరికిన రోజుకి విమానం టికెట్టు కొనేసి, ఆ తర్వాత పూల సంగతి వెతుకుతారు. ఈ ప్రయాణంలో వరస తిరగేసుకోవాలి. ముందు పూత, ఆ తర్వాతే టికెట్టు.

జపాన్ వాతావరణ సంస్థ ఒక్కో నగరంలో ఒక నమూనా చెట్టును గమనిస్తుంది. టోక్యోలో అది యాసుకుని మందిరం ఆవరణలో ఉంది. దానికి ఐదారు పూలు విచ్చుకుంటే ‘కైకా’, అంటే పూత మొదలైందని ప్రకటిస్తారు. ఎనభై శాతం మొగ్గలు విచ్చుకుంటే ‘మన్‌కై’, నిండు పూత. వార్తల్లో హడావుడంతా కైకాదే, మనకు పనికొచ్చేది మాత్రం మన్‌కై. కైకా రోజున వెళ్తే దాదాపు మోడు కొమ్మలే కనిపిస్తాయి. నిండు పూత వచ్చాక గాలీ వానా లేకపోతే ఓ వారం నిలుస్తుంది.

1991–2020 సగటు ప్రకారం కైకా, మన్‌కై తేదీలు ఇవి:

ఫుకువోకా: మార్చి 22, మార్చి 31
టోక్యో: మార్చి 24, మార్చి 31
క్యోటో: మార్చి 26, ఏప్రిల్ 4
సెందాయ్: ఏప్రిల్ 8, ఏప్రిల్ 13
అవోమోరి: ఏప్రిల్ 22, ఏప్రిల్ 26
సప్పోరో: మే 1, మే 5

సగటు సగటే. టోక్యోలో 2023లో మార్చి 14కే పూత మొదలైంది, 2024లో మార్చి 29 దాకా మొదలే కాలేదు. మొగ్గలు అంతకుముందు వేసవిలోనే కట్టి నిద్రలోకి వెళ్తాయి. వాటిని లేపడానికి చలికాలపు చలి కావాలి, లేచాక విచ్చుకోవడానికి వెచ్చదనం కావాలి. అందుకే మార్చి వాతావరణం మీదే చాలా ఆధారపడుతుంది. వాతావరణ సంస్థ 2010 నుంచి అంచనాలు ఇవ్వడం మానేసింది. ప్రైవేటు సంస్థలు జనవరి నుంచి ఇస్తున్నాయి. జనవరి అంచనా చూసి సంబరపడనక్కర్లేదు, మార్చి మధ్యలో వచ్చేదాన్ని మాత్రం నమ్మొచ్చు.

మొదటిసారి వెళ్లేవాళ్లకు మార్చి 28 నుంచి ఏప్రిల్ 6 దాకా పెట్టుకోమంటాం. టోక్యోలో దిగి, క్యోటో చూసుకుని, ఒసాకా దగ్గరి కన్సాయ్ విమానాశ్రయం నుంచి తిరుగు ప్రయాణం పెట్టుకుంటే మళ్లీ టోక్యో దాకా రావాల్సిన ఖర్చు, సగం రోజు మిగులుతాయి. అప్పుడు అక్కడి పిల్లలకీ బడి సెలవులే కాబట్టి గదులు త్వరగా అయిపోతాయి. ఐదారు నెలల ముందే, డబ్బు వాపసు వచ్చే పద్ధతిలో గదులు తీసుకోండి. రద్దుకు గడువు ఏ రోజో రాసిపెట్టుకోండి, వాపసు రాకుండా పోయేది ఎక్కువగా అక్కడే.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు వీసా దగ్గర ఒకటి చూసుకోవాలి. ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చే వీసా జారీ అయిన రోజు నుంచి మూడు నెలలే చెల్లుతుంది. మరీ తొందరపడి డిసెంబరులో తీసుకుంటే ప్రయాణం నాటికి గడువు దాటిపోతుంది. ఫిబ్రవరిలో దరఖాస్తు చేస్తే సరిపోతుంది.

ఇక పూత ముందో వెనకో అయితే? ఊరు మార్చనక్కర్లేదు, చెట్టు రకం మార్చితే చాలు. నగరాల్లో ఎక్కువగా ఉండేది సొమేయ్ యోషినో. అంటుకట్టి పెంచిన ఒకే చెట్టు సంతతి కావడంతో అన్నీ ఒకేసారి పూస్తాయి, ఒకేసారి రాలతాయి. కొమ్మలు కిందికి వేలాడే షిదారే రకం దానికంటే కొన్ని రోజులు ముందు పూస్తుంది. టోక్యోలో రికుగియెన్ తోట, క్యోటోలో రాజప్రాసాదం ఉద్యానం అందుకు మంచివి. ఆలస్యంగా చేరితే క్యోటో నిన్నా-జి ఆలయంలోని పొట్టి ఒమురో చెట్లు, టోక్యో షింజుకు గ్యోయెన్‌లోని ముద్దపూల కన్‌జన్ ఏప్రిల్ మధ్యలో ఉంటాయి. లేదంటే ఎత్తుకు వెళ్లాలి. నారా దగ్గరి యోషినో కొండ మీద పూత కింది నుంచి పైకి మెల్లగా పాకుతుంది, కింద రాలిపోయినా పైన దొరుకుతుంది. అందుకే ఆఖరి రెండు రాత్రులు మాత్రం ఏదీ ఖాయం చేయకుండా వదిలేయండి.

చెట్టు దగ్గరికెళ్లి పువ్వు నడిబొడ్డు చూడండి. సొమేయ్ యోషినో రేకులు దాదాపు తెల్లగానే ఉంటాయి. కేసరాల మొదలు లేతగా ఉంటే పువ్వు తాజాది, ఎర్రబడితే రాలడానికి దగ్గరపడినట్టే. చాలా పూలు ఎర్రబడి ఉంటే ఆ చోటును రేపటికి వాయిదా వేయకండి.

జపాన్ అంతా తిరగడానికి పనికొచ్చే రైలు పాస్ చాలామంది అలవాటుగా కొంటారు. 2023 అక్టోబరులో ధర పెరిగాక ఏడు రోజుల పాస్ 50,000 యెన్‌లైంది. టోక్యో–క్యోటో షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) ఒకవైపు సుమారు 14,000. పైన చెప్పిన దారికి పాస్ దండగ. సీట్ల రిజర్వేషన్ నెల ముందు ఉదయం పది గంటలకు మొదలవుతుంది. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటితే దానికి చోటున్న సీటు ముందే తీసుకోవాలి. తీసుకోకుండా ఎక్కితే 1,000 యెన్‌లు కట్టాలి.

షింజుకు గ్యోయెన్‌కి టికెట్టు 500 యెన్‌లు, లోపలికి మద్యం తీసుకెళ్లనివ్వరు. సీజన్‌లో రద్దీ ఉండే కొన్ని రోజులకు ముందస్తు రిజర్వేషన్ ఉండాలి కాబట్టి వెళ్లే ముందు చూసుకోండి. ఎక్కడైనా కొమ్మ వంచడం, చెట్టు వేళ్ల మీద చాప పరచడం తప్పు. చెత్తబుట్టలు అరుదు, సంచి వెంట ఉంచుకోండి. రాత్రి దీపాల్లో పూలు చూడాలంటే స్వెటర్ తప్పదు, ఆ రోజుల్లో టోక్యోలో పది డిగ్రీల లోపుకు పడిపోతుంది.

ఏప్రిల్ చివరికే కుదిరేవాళ్లకు ఉత్తరాన అవోమోరి దగ్గరి హిరోసాకి కోట బాగుంటుంది. అవోమోరి తేదీలే దానికీ దాదాపు వర్తిస్తాయి. కోట కందకంలో నీళ్లు కనబడకుండా రేకులు పరుచుకునేది నిండు పూత దాటాకే, కాబట్టి కాస్త ఆలస్యమైనా నష్టం లేదు. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా జపాన్‌లో వరస సెలవులు. అటువైపు వెళ్లే హయబుసా షింకన్‌సెన్‌లో రిజర్వేషన్ సీట్లు తప్ప వేరే ఉండవు. ఆ వారం వెళ్లేట్టయితే అమ్మకం మొదలైన రోజే తీసుకోండి.