హైడ్రాలిక్ పైపు మార్చాలంటే పాతది పట్టుకురండి

రాణిగంజ్‌లో మా కౌంటర్‌కి వచ్చి "ట్రాక్టర్ ట్రాలీ జాకీ పైపు, అర అంగుళం" అంటే సరిపోదండీ. పాత పైపు ఫిట్టింగులతో సహా తేవాలి. విప్పే ముందు ట్రాలీని పూర్తిగా దించి, ఇంజన్ ఆపి, లివర్ అటూ ఇటూ కదిపి ప్రెజర్ వదలండి.

పైపు మీద ఆర్2 అని ఉంటే లోపల రెండు స్టీలు అల్లికలున్నట్టు. చవకని ఒకే అల్లికుండే ఆర్1 వేయించుకోకండి. అసలు తిప్పలు ఫిట్టింగు మరతోనే. అర అంగుళం బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు కొలత) మగ మర బయటి కొలత దాదాపు 20.9 మిల్లీమీటర్లు, మెట్రిక్ కొలతలో ఉండే ఎం22ది 22కి దగ్గర. కంటికి రెండూ ఒకటే! వెర్నియర్ కాలిపర్ పెట్టి కొలవాల్సిందే. చేత్తో తిరగని నట్టును స్పానర్‌తో బలవంతం చేయొద్దు.

బిగించేటప్పుడు పైపు మెలిపడకూడదు. లీకు చూడటానికి వేలు కాదు, అట్టముక్క పెట్టండి. ప్రెజర్‌లో సన్నటి నూనె ధార చర్మంలోకి దూరిపోతుంది.