ఒకే రాగఖండం, పలు బాణీలు: యుకులేలే వాద్యకారులకు ఒక సాధన పద్ధతి

యుకులేలే అనే నాలుగు తీగెల చిన్న వాద్యం చేతికి వచ్చిన కొత్తలో చాలామంది ఒక్కో సంగీత శైలికి ఒక్కో పాట చొప్పున నేర్చుకుంటూ పోతారు. నేనూ రెండేళ్లు అలాగే సాధన చేశాను. వచ్చిన పాటల సంఖ్య పెరిగింది గాని, జమైకా బాణీ అయిన రెగ్గేలో నేర్చినది అమెరికా బాణీ అయిన జాజ్‌లోను, జాజ్‌లో నేర్చినది మన రాగాల్లోను అక్కరకు రాలేదు. ఆ తరువాత ఒకే చిన్న రాగఖండాన్ని పట్టుకుని, దాన్నే ఒక శైలి నుంచి మరో శైలిలోకి తీసుకువెళ్లడం మొదలుపెట్టాక, ఎక్కడ ఏది మారుతుందో, ఏది మారదో వేళ్లకు తెలియసాగింది.

ముందుగా వాద్యం స్వభావం తెలియాలి. 1879 ఆగస్టులో రావెన్‌స్క్రాగ్ అనే ఓడ పోర్చుగల్‌కు చెందిన మదైరా దీవి నుంచి వలస కూలీలను హొనొలులుకు చేర్చింది. ఆ దీవివాసుల చిన్న తీగెవాద్యమే హవాయిలో యుకులేలేగా రూపుదిద్దుకుంది. జి, సి, ఇ, ఎ అనే పాశ్చాత్య స్వరాలకు శ్రుతి చేసిన నాలుగు తీగెల్లో, వాయించేటప్పుడు పైన ఉండే జి తీగె మంద్రంగా ఉండదు. తన కింద ఉన్న సి, ఇ తీగెలకంటే హెచ్చుగా పలుకుతుంది. మంద్ర జి తీగె కూడా అంగట్లో దొరుకుతుంది, దానివల్ల స్వరాల విస్తృతి పెరిగే మాటా నిజమే. అయినా మొదటి ఏడాది దాని జోలికి వెళ్లవద్దని నా సలహా, ఎందుకంటే కింద చెప్పబోయే వాటిలో సగం ఆ హెచ్చు తీగె మీదే ఆధారపడి ఉన్నాయి.

సి ని షడ్జమంగా పెట్టుకుంటే ఈ వాద్యం మోహన రాగానికి పుట్టినట్టే ఉంటుంది. కింది నుంచి లెక్కిస్తే ఎ మొదటి తీగె, జి నాలుగోది. మూడో తీగెను ఏ మెట్టూ నొక్కకుండా విడిగా మీటితే షడ్జమం, దాని రెండో మెట్టు మీద రిషభం, రెండో తీగె విడిగా గాంధారం, నాలుగో తీగె విడిగా పంచమం, మొదటి తీగె విడిగా ధైవతం, దాని మూడో మెట్టు మీద తారషడ్జమం వస్తాయి. ఎడమచేతికి ఆరోహణ మొత్తంలో రెండే పట్లు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు వేర్వేరు తీగెలకు కేటాయించి నిదానంగా మీటండి. స్వరాలు పక్క తీగెల మీద పుడుతున్నందువల్ల ఒకటి ఆగకముందే ఇంకొకటి మొదలై, చిరుగంటల వరుసలా వినిపిస్తాయి. ఐరోపాలో బరోక్ కాలపు (17, 18 శతాబ్దాల) గిటారు వాద్యకారులు కాంపనెల్లా అని పిలిచిన పద్ధతి ఇదే. నైలాన్ తీగెను పక్కకు లాగితే స్థాయి పెద్దగా మారదు కనుక వీణ గమకాన్ని దీనిపై ఆశించకూడదు. రిషభం నుంచి గాంధారానికి మూడో తీగె మీదే జారితే ఆ కొరత కొంత తీరుతుంది. ఈ రాగంలో మీకు నచ్చిన ఎనిమిది ఆవర్తాల చిన్న ఖండాన్ని కట్టుకుని, కళ్లు మూసుకుని వాయించగలిగేదాకా వదలకండి.

ఇప్పుడు అదే ఖండాన్ని జాజ్‌లోకి తీసుకువెళ్లండి. మూడో తీగెను రెండో మెట్టు దగ్గర, మొదటి తీగెను మొదటి మెట్టు దగ్గర నొక్కి, మిగిలిన రెండు తీగెలను విడిగా వదిలి నాలుగూ కలిపి మీటితే, సి నైన్త్ అనే కార్డ్ (కలిపి పలికించే స్వరాల గుంపు) పలుకుతుంది. అందులో సి స్వరమే లేదన్నది గమనించవలసిన విషయం. అయిదు స్వరాల కార్డ్‌కు నాలుగే తీగెలున్నప్పుడు ఏదో ఒకటి వదలక తప్పదు; మూలస్వరమైన సి ని, తోడుగా మంద్రస్వరాలు పలికే బేస్ వాద్యం మోస్తుంది కాబట్టి దాన్నే వదలాలి. 1950లలోనే యుకులేలే మీద జాజ్ వాయించిన లైల్ రిట్జ్, తరువాతి కాలంలో స్టూడియోల్లో బేస్ వాద్యకారుడయ్యాడు. ఏ స్వరాన్ని ఎవరికి వదలాలో తెలుసుకోవాలంటే ఆయన వాదనాన్ని శ్రద్ధగా వినాలి.

అమెరికా జానపద బాంజో బాణీ కావాలంటే చూపుడువేలి గోటితో కిందికి కొట్టి, వెంటనే బొటనవేలితో జి తీగెను మీటాలి. బాంజోలోని పొట్టి అయిదో తీగె పనిని ఇక్కడ ఈ హెచ్చు తీగె చేస్తుంది. రెగ్గేలో బలమంతా తాళం ఎదురుదెబ్బ మీద ఉంటుంది, మీటిన వెంటనే ఎడమచేతి ఒత్తిడి సడలించి నాదాన్ని తుంచాలి. స్పెయిన్ బాణీ అయిన ఫ్లమెంకోకు కుడిచేతి వేళ్లను ముడిచి, చిటికెనవేలితో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా విప్పుతూ తీగెలను తాకించడం అభ్యసించండి. వేగం కంటే నాలుగు దెబ్బల మధ్య సమానత ముఖ్యం.

ప్రతి శైలికీ కనీసం మూడు వారాలు కేటాయించి, వారానికొకసారి ఫోన్‌లో రికార్డు చేసి తేదీతో దాచుకోండి. మూల సంగీతాన్ని వినకుండా పై మెరుగులు మాత్రం తెచ్చుకోవడం నాకు సమ్మతం కాదు. హవాయికి చెందిన ఎడ్డీ కమాయె యువకుడిగా లాటిన్, జాజ్, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాలను నాలుగు తీగెల మీద రాగం, కార్డ్ ఒకేసారి పలికేలా వాయించాడు. ఆ తరువాతే తన దీవుల పాటల వైపు తిరిగి, పెద్దల దగ్గర కూర్చుని వాటి భాషను, అర్థాన్ని, పుట్టిన చోటును అడిగి తెలుసుకున్నాడు. మీరు కూడా ఆరు నెలలకొకసారి రికార్డులన్నీ వరుసగా విని, మోహనంలో తొలిసారి వాయించిన ఖండాన్ని మళ్లీ అదే వేగంతో వాయించి, కొత్త రికార్డును పాతదాని పక్కన పెట్టి వినండి.